గోడవతలి నపోలియన్

పక్కింటి యసోజి ఫిబ్రవరి నెలలో, నడుంలోతు మంచులో నిలబడి, తన చెర్రీ చెట్టును తానే మూడు రోజులపాటు కోశాడు. ఎనభై నాలుగేళ్ళ మనిషి, చేతిలో ఒక పాత చేతిరంపం. కాసేపు కోస్తాడు, కాసేపు రొప్పుతూ నిలబడతాడు, మళ్ళీ కోస్తాడు. గోడకు ఇవతల వంటింట్లో ముల్లంగి తరుగుతున్న కియోనోకి ఆ చప్పుడు మూడు రోజులూ వినపడుతూనే ఉంది. ఒక్కసారైనా బయటికి వెళ్ళి, ఎందుకు బాబాయిగారూ ఈ వయసులో అని అడగలేదు. ఎందుకో ఆమెకు తెలుసు.

లోపలి గదిలో ఆమె భర్త మొరియో తుంటి ఆపరేషన్ చేయించుకుని, నెలల తరబడి ఆసుపత్రిలో ఉండి అప్పుడే వచ్చి, పరుపు దిగకుండా పడుకుని ఉన్నాడు. "యసోజి చెట్టు కొట్టేస్తున్నట్టున్నాడే?" అని అడిగాడు.

"పెద్దవారైపోయారు కదండీ. చూసుకోలేక కొట్టేసుకుంటున్నారు," అంది కియోనో. ముల్లంగి మీంచి తల ఎత్తకుండానే అంది.

మొరియో కాసేపు పైకప్పు వంక చూశాడు. "సర్లే. ఆయనకి తెలీనిదా. ఏదో ఆలోచించుకునే ఉంటాడు," అన్నాడు. ఆ మాటకు అర్థమేమిటో కియోనో అడగలేదు. అబద్ధమాడినవాళ్ళకు ఎదుటివాళ్ళ మాటలు పొడిగించే ధైర్యం ఎక్కడ ఉంటుంది?

నిజానికి ఆమె చెట్టు కొట్టెయ్యమని ఎవరితోనూ అనలేదు. సగాయె ఊరి చివర ఆ వీధిలో ఎవరూ ఎవరితోనూ అలా అనరు. పక్కింటివాళ్ళ మీద కోపమొస్తే వాళ్ళతో తప్ప మిగతా అందరితోనూ చెప్పాలి, అది కూడా చెప్పీ చెప్పనట్టు చెప్పాలి. అక్కడ మర్యాదంటే అదే. ఆ మర్యాదలో ఎన్ని ఇళ్ళు చల్లగా కాలిపోయాయో లెక్క తేల్చినవాళ్ళు లేరు.

కోపానికి కారణం లేకపోలేదు. ముసలాయన కొమ్మలు కత్తిరించడం మానేసి ఐదేళ్ళయింది. అప్పటినుంచి ఆయన చెట్టు గోడ మీంచి ఇవతలికి వంగింది. జూన్‌లో దాని పుల్లటి పళ్ళు రాలి కియోనో పెరట్లో కుళ్ళేవి. గోరింకలు గుంపుగా దిగి ఆరేసిన దుప్పట్లన్నీ పాడుచేసేవి. ఇక ఆకులు రాలే కాలంలో వానగొట్టం నిండా ఆ ఆకులే. అక్టోబరులో మొరియో ఆ ఆకులు తియ్యడానికి నిచ్చెనెక్కి, పడి, తుంటి విరగ్గొట్టుకున్నాడు. ఆసుపత్రి బస్సు దిగి వస్తున్న కియోనోకి ఒకరోజు చెత్త సంచులు పెట్టే చోట తొగాషి కనపడ్డాడు. తొగాషికి నది ఒడ్డున చెర్రీ తోట ఉంది. ఆ ఏడు వీధి పెద్దరికం అతని వంతు.

"ఆ ఆకులూ అవీ... పాపం బాబాయిగారికి ఇక కష్టమేనేమో," అంది కియోనో. అంతే అంది. తొగాషి తల ఊపాడు. ఆ తర్వాత ఇద్దరూ చలి గురించి మాట్లాడుకున్నారు.

వీధిలో ఇంటింటికీ తిరిగే నోటీసు అట్ట పట్టుకుని తొగాషి యసోజి ఇంటికి వెళ్ళాడు. ఆమె వేసిన చిన్న మాటకు అతను తన వంతు కొంచెం కలిపాడు. పని అవ్వాలంటే ఆ మాత్రం కలపాలి కదా. మీ చెట్టు ఆకుల మూలాన మొరియో మంచాన పడ్డాడని పక్కింటావిడ బాధపడుతోంది, అని చెవిన వేశాడు. యసోజి విని, టీ పోసి, అతన్ని గుమ్మం దాకా సాగనంపాడట.

మూడో రోజు సాయంత్రం చెట్టు పూర్తిగా నేలకొరిగాక ముసలాయన కియోనో గుమ్మంలోకి వచ్చాడు. చేతిలో గుడ్డలో చుట్టిన పెట్టె, అందులో తన చూరుకు కట్టి ఎండబెట్టిన పెర్సిమన్ పళ్ళు. దాన్ని రెండు చేతులతో పొట్టకు ఆనించి పట్టుకున్నాడు. నడుం ఎంత వంగుతుందో అంత వంచి దణ్ణం పెట్టాడు.

"ఇన్నేళ్ళూ మిమ్మల్ని చాలా ఇబ్బంది పెట్టానమ్మాయ్."

"అయ్యో, మాకేం ఇబ్బంది బాబాయిగారూ. మీరే అనవసరంగా శ్రమపడ్డారు," అంది కియోనో, ఇంకా కిందికి వంగి. మనసులో మాత్రం ఈ వేసవికి పెరట్లో ఎండ పడుతుంది, దుప్పట్లు ఆరతాయి అనుకుంది. ఆ సంతోషం తర్వాత ఆమెను తిన్నంతగా మరేదీ తినలేదు.

వెళ్ళబోతూ ముసలాయన గుమ్మంలో ఆగాడు. పూత వేళకు మీ పెరట్లో చెట్టు దగ్గరికి ఓసారి వస్తాను అన్నాడు. పూలు చూడ్డానికి కాబోలు అనుకుని, తప్పకుండా రండి, టీ తాగుదాం అంది.

ఆయన రాలేదు. మార్చి మొదటి వారంలో మళ్ళీ మంచు పడింది. పైకప్పు మీద పేరుకున్న మంచు తొయ్యడానికి ఎక్కి, దాంతోపాటే జారిపోయాడు. పాల డబ్బాలు తెచ్చే మనిషి చూసేసరికి చాలా పొద్దెక్కింది. సెందాయ్‌లో ఉండే కూతురు ఫుమియె వచ్చి కర్మ జరిపించింది. కియోనో రెండు రోజులు ఆ ఇంట్లో వంట చేసింది. నీళ్ళు పారబొయ్యడానికి కొట్టం వెనక్కి ఎన్నోసార్లు వెళ్ళింది. అక్కడ, ఉత్తరం వైపు నీడలో, యసోజి ఏటా చేసే మంచుగుట్ట ఉంది. అందులో క్యాబేజీలూ ముల్లంగులూ పాతిపెట్టి పైన వరిగడ్డి కప్పేవాడు. మంచులో దాచిన క్యాబేజీకి తీపి వస్తుంది. ఇక వీటిని ఎవరు తింటారు పాపం అనుకుంటూ ఆమె ఆ గుట్ట పక్కనుంచి నడిచింది.

కియోనో పెరట్లో ఉన్న చెట్టు సంగతి చెప్పాలి. అది సతో నిషికి చెర్రీ, ఊళ్ళో అందరూ మెచ్చే రకం. కూతురు చిహో పుట్టినప్పుడు మొరియో నాటాడు. చిహో ఎనిమిదో ఏట జూన్‌లో, మూడు రోజుల జ్వరంతో పోయింది. ఆ జూన్‌లోనే చెట్టు మొదటిసారి కాసింది. సరిగ్గా పదకొండు పళ్ళు. చిహో వాటిని రోజూ వేలితో లెక్కపెట్టేది. పండగానే ఒకటి నాన్నకు, ఒకటి అమ్మకు, ఒకటి గోడవతలి తాతకు ఇచ్చి, మిగతా ఎనిమిదీ తనే తిన్నది. ఆరు రోజుల తర్వాత పిల్ల లేదు.

అప్పటినుంచి ప్రతి జూన్ ఇరవైన, ఆ చెట్టు పళ్ళు పదకొండు, చిహో తిన్న చిన్న నీలం పళ్ళెంలో పెట్టి, పోయినవాళ్ళను కొలిచే పెద్దల అల్మరాలో, ఆమె పేరుచెక్క ముందు ఉంచుతారు. ఒక్క ఏడు తప్పలేదు. ఇక ఈ జూన్ ముప్పై మూడో ఏటి తద్దినం. అదే ఆఖరిది. దాంతో పోయినవాళ్ళు పేరున్న మనుషులుగా ఉండటం అయిపోతుంది. పేరుచెక్క గుడికి వెళ్ళిపోతుంది, వాళ్ళు పెద్దల్లో కలిసిపోతారు. ఆ తర్వాత తద్దినం ఉండదు, విడిగా పళ్ళెం పెట్టడం ఉండదు. తల్లికి ఇంకా ఏడవాలనున్నా సరే, లెక్క ముప్పై మూడు దగ్గర ముగుస్తుంది. అందుకని ఈ ఆఖరుసారి పళ్ళెం నిండుగా ఉండాలని కియోనో ఏడాదిగా అనుకుంటోంది. ఆమెకు అంతకుమించిన కోరికంటూ వేరే ఏదీ లేదు.

ఏప్రిల్ చివరి వారంలో చెట్టు పూసింది. ముప్పై ఏళ్ళలో అంత పూత ఆమె చూడలేదు. గోడవతల అడ్డు లేకపోవడంతో ఎండ నేరుగా పడుతోంది. మొరియోని చేయిపట్టుకుని వరండాలో కూర్చోబెట్టి, టీ తెచ్చి పక్కన పెట్టింది.

"చూడండి, ఒక్క కొమ్మ ఖాళీ లేదు. ఇదే ఆఖరని దానికి తెలిసినట్టుంది," అంది.

మొరియో చాలాసేపు చూశాడు. "పూతకేం, పూస్తుంది. కాయదు," అన్నాడు.

"అవేం మాటలండీ."

"దేన్ని చూసుకుని కాస్తుందే? పక్కన తోడు లేదుగా."

సతో నిషికి తన పుప్పొడితో తాను కాయదు. దగ్గర్లో వేరే రకం చెట్టు ఉండాలి, తేనెటీగలు దాని పుప్పొడి మోసుకురావాలి. సగాయెలో ఇది బడికి వెళ్ళే పిల్లలకు కూడా తెలుసు. కియోనోకి తెలియదా? తెలుసు. వీధి వెనకాల తోటలున్నాయి కదా, తేనెటీగలు అక్కడినుంచి వస్తాయని అనుకునేది. ఆ తోటల వాళ్ళు ముసలివాళ్ళై ఒక్కొక్కటే పీకించేయడమూ ఆమె కళ్ళముందే జరిగింది. రోడ్డవతల ఆఖరి తోట పోయి మందుల దుకాణం వాళ్ళు కార్లు పెట్టుకునే స్థలం అయి ఎనిమిదేళ్ళు. ఈ రెండు సంగతులూ రెండు చోట్ల తెలిసే ఉన్నాయి, పక్కపక్కన పెట్టి చూసుకోలేదు.

"యసోజి ఆ నపోలియన్ చెర్రీ ఎందుకు వేశాడనుకున్నావ్?" అన్నాడు మొరియో. "పళ్ళ కోసమా? పేరు చూస్తే చక్రవర్తిది, పండు చూస్తే పులుపు. ఆయన ఒక్కటి నోట్లో వేసుకోగా నువ్వెప్పుడైనా చూశావా?"

ఆ తర్వాత ముక్కలు ముక్కలుగా చెప్పాడు. చిహోకి ఐదేళ్ళప్పుడు చెట్టు మొదటిసారి పూసి ఒక్క కాయా నిలవకపోతే, పిల్ల గోడ దగ్గర కూర్చుని నా చెట్టు మొద్దు చెట్టు అని ఏడ్చిందట. ఆ శరదృతువులో యసోజి ఎక్కడినుంచో ఎదిగిన నపోలియన్ మొక్క తెచ్చి గోడ పక్కనే నాటాడు. సంగతి మొరియో ఒక్కడికే చెప్పాడు, మీ ఆవిడకి చెప్పొద్దన్నాడు. చెబితే ఏడాదికి రెండుసార్లు బహుమతి డబ్బాలు మోసుకొస్తుంది, మళ్ళీ నేను తిరిగివ్వాలి, నాకా గోల ఎందుకు అన్నాడట. చెప్పనని మొరియో మాటిచ్చాడు. ఇచ్చినవాడు ముప్పై అయిదేళ్ళు కడుపులోనే పెట్టుకున్నాడు.

"మరి మంచులో కొట్టేస్తుంటే అప్పుడైనా చెప్పొచ్చు కదండీ," అంది కియోనో.

"ఆయనే కొడుతున్నాడంటే ఏదో ఏర్పాటు చేసే ఉంటాడనుకున్నా. ఈలోగా ఆయనే పోయె. తర్వాత నీకేమని చెప్పను?"

ఆ క్షణంలో ఆమె నిజం చెప్పెయ్యవలసింది. నోటిదాకా వచ్చింది కూడా. చెప్పకుండా లేచి, చెప్పులేసుకుని, నది ఒడ్డుకు తొగాషి తోటకు పరుగులాంటి నడకతో వెళ్ళింది.

తొగాషి తోట ప్లాస్టిక్ కప్పు కింద ఉంటుంది. ఆ వెచ్చదనానికి అక్కడ పూత పది రోజుల ముందే అయిపోయింది. రెండు వారాల ముందు రావలసింది వదినగారూ అంటూ అతను చాలా నొచ్చుకున్నాడు. మూలనున్న నపోలియన్ చెట్టు చిటారు కొమ్మల్లో మిగిలిన నాలుగు పూలగుత్తులు కోసిచ్చాడు, పుప్పొడి అద్దే కోడి ఈకల కుంచె కూడా ఇచ్చాడు. కియోనో భర్త పడ్డ నిచ్చెననే వేసుకుని రెండు రోజులు పొద్దుటినుంచి చీకటి పడేదాకా పువ్వు పువ్వునీ అద్దింది. అరవై ఏడేళ్ళ ఆడమనిషి నిచ్చెన మీద నిలబడి చెట్టుకు దుమ్ము దులుపుతోందని వీధిలో వాళ్ళు నవ్వుకున్నారు, మర్యాదగా, చేయి అడ్డం పెట్టుకుని. మూడో రోజుకు పూరేకులు రాలడం మొదలైంది. నాలుగో రోజు గాలివాన.

మే నాలుగో తేదీన ఫుమియె ఇల్లు సర్దడానికి సెందాయ్ నుంచి వచ్చింది. మధ్యాహ్నం గోడ అవతలినుంచి, కియోనో అక్కా ఒకసారి రండి, అని పిలిచింది.

కొట్టం వెనక నీడలో మంచుగుట్ట మోకాలెత్తుకు కరిగి ఉంది. ఫుమియె గడ్డి తీసి, మెత్తబడిన క్యాబేజీలు పక్కన పారేసింది. వాటి కింద, ఊక పొరలో, వరితాడుతో కట్టిన కొమ్మల మోపు ఉంది. మోచెయ్యంత పొడవున నలభై కొమ్మలు ఉంటాయి. కోసిన చివర్లకు తడిగుడ్డ చుట్టి, దాని మీద ప్లాస్టిక్ సంచి కట్టి ఉంది. బెరడు నిగనిగలాడుతోంది. మొగ్గలు బిగిసి, ఇంకా ఫిబ్రవరిలోనే ఉన్నట్టున్నాయి. తాడుకు ఒక చెక్కపేడు కట్టి ఉంది. దాని మీద పెన్సిల్‌తో వణుకుతున్న అక్షరాలు.

"మీవైపు సంగతేదో రాశాడు నాన్న," అంది ఫుమియె. "ఆయనకి ఈమధ్య మతిమరుపు. అన్నీ ఇలా తనకి తనే రాసుకునేవాడు."

కియోనో చదివింది. చిహో చెట్టుకి. దాని మొగ్గ తెల్లబడటానికి వారం ముందు బయటికి తియ్యి. బకెట్ నీళ్ళలో పెట్టి, ఆ చెట్టు కొమ్మల్లో వేలాడదియ్యి. ఈసారికి చాలు. మర్చిపోకు.

గోడ మీంచి చూస్తే ఆమె చెట్టు కనపడుతోంది. ఒక్క తెల్ల రేకు లేదు, అంతా ఆకుపచ్చ. ఆమె ఆ బురద మంచులోనే కూర్చుంది. ఫుమియె కంగారుపడి, చలికి నడుం పట్టేసిందా అక్కా అంటూ లేపింది. అవునని తల ఊపి, మోపు ఎత్తుకుని ఇంటికొచ్చింది.

మొరియో మోపును ఒళ్ళో పెట్టుకుని, చెక్కపేడు మీద వేలితో ఒక్కో అక్షరం తడిమాడు. కళ్ళనుంచి నీళ్ళు కారుతున్నా తుడుచుకోలేదు. "చూశావా, అనుకున్నా. ఏర్పాటు చెయ్యకుండా కొడతాడా. కానీ ఎందుకు కొట్టాడే? ఇంత తెలిసినవాడు ఎందుకు కొట్టాడు?"

"నేను చెప్పాను," అంది కియోనో.

ఒకసారి నోరు తెరిచాక అంతా వచ్చేసింది. చెత్త సంచుల దగ్గర తొగాషితో అన్న మాట, వంటింట్లో ఆడిన అబద్ధం, ఎండ పడుతుందని లోపల పడ్డ సంతోషం, ఏదీ దాచలేదు. మీ తుంటి విరిగిందన్న కోపం పట్టలేకపోయానంది.

మొరియో మోపును ఒళ్ళోంచి తీసి పక్కన పెట్టాడు. గోడ గడియారం మూడు కొట్టింది.

"తుంటి ఆకుల వల్ల విరగలేదు," అన్నాడు చివరికి. "ఆ రోజు మధ్యాహ్నం రెండు గ్లాసులు సాకె తాగి ఎక్కాను. నిచ్చెన కాలు రాయి మీద పెట్టాను. నువ్వు తిడతావని చెప్పలేదు."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేకపోయారు. నలభై అయిదేళ్ళు ఒకే గిన్నెలో అన్నం తిన్న మనుషులు ఒకరికొకరు నొప్పి కలగకూడదని దాచుకున్నవి మూడే మూడు మాటలు. వాటికింద పడి మూడో మనిషి నలిగిపోయాడు. ఇందులో ఎవరిని తిట్టాలో నాకూ తెలియదు. తొగాషిని తిడదామంటే అతను వీధి మేలు కోరినవాడే.

ఆ తొగాషే మర్నాడు వచ్చి మోపు చూసి, వీటితో అంటు కట్టొచ్చు వదినగారూ అన్నాడు. మంచులో నిద్రపోతున్న కొమ్మకు ఇంకా ప్రాణం ఉంటుంది. చిహో చెట్టుకే మూడు చోట్ల నపోలియన్ కొమ్మలు అతికించాడు, టేపు చుట్టాడు, పైన మైనం పూశాడు. పట్టుకుంటే అదే చెట్టులో తోడు ఉంటుంది, ఇక పక్కింటి చెట్టుతో పని లేదు అన్నాడు. ఎన్నాళ్ళకు పూస్తుందని కియోనో అడిగింది.

"తొందరగా అంటే మూడేళ్ళు."

కియోనో సరేనంది. అప్పటికి ఆమెకు ఇంకో చిన్న ఆశ ఉంది. కుంచెతో అద్దిన పూలల్లో ముప్పైదాకా పిందెలు కట్టాయి, కందిగింజంత. పదకొండు నిలిస్తే చాలు. రోజూ పొద్దున్నే లెక్కపెట్టేది, ఒకప్పుడు చిహో పెట్టినట్టే, వేలితో. మే మధ్యలో పందొమ్మిది. తర్వాత తొమ్మిది. సరిగా పుప్పొడి పట్టని పిందెలు ముందు పసుపుపచ్చబడతాయి, తర్వాత ముట్టుకోకుండానే రాలతాయి. నెలాఖరున ఒకే ఒక్కటి ఉంది. దానికి టీ వడకట్టే గుడ్డసంచి తొడిగింది. జూన్ ఐదున సంచి విప్పితే పిందె అందులో విడిగా పడి ఉంది.

తద్దినం రోజుకు తొగాషి తన తోటలోనుంచి పెద్ద పెట్టె పంపాడు. మాణిక్యాల్లాంటి పళ్ళు, వరసలు తీర్చినవి. కియోనో వాటిని వచ్చినవాళ్ళకు భోజనాల్లో పెట్టింది, పేరుచెక్క ముందు పెట్టలేదు. అక్కడ నీలం పళ్ళెం ఖాళీగా ఉంచింది. పూజారి మంత్రాలు చదవడానికి కూర్చుంటూ పళ్ళెం వంక ఒకసారి చూశాడు. చదవడం అయ్యాక, నేటితో వీరు పెద్దల్లో కలిశారు, మీరు బాధ్యత నెరవేర్చారు, అని చిహో పేరుచెక్కను తెల్లగుడ్డలో చుట్టుకున్నాడు. అంతే. ముప్పై మూడేళ్ళు ఆ గుడ్డలో రెండు మడతలు.

భోజనాలకు పదిమంది కూర్చున్నారు. మొరియో తమ్ముడి కుటుంబం, తొగాషి, వీధిలో నాలుగిళ్ళవాళ్ళు, పక్కింటి తరఫున సెందాయ్ నుంచి వచ్చిన ఫుమియె. ఉడికించిన చేమదుంపలు, పులుసు, వేపుళ్ళు, ఊరగాయలు వడ్డించారు. మాటలు యసోజి మీదికి మళ్ళాయి. ఎంత మంచి మనిషి, ఒకరికి ఇబ్బంది కాకూడదని ఆ వయసులో తన చెట్టు తనే కొట్టేసుకున్నాడు, ఎవరూ అడక్కముందే, అన్నాడు తొగాషి. అలా అనడం కియోనో మొహం నిలబెట్టడానికే. అందరూ అవునవునన్నారు.

కియోనో చేతిలో పులుసు గరిటె కింద పెట్టింది.

"అడక్కముందు కాదు. నేను చెప్పిస్తే కొట్టారు. మా పాప చెట్టు కోసం వేసిన చెట్టది. నా మూలాన కొట్టుకున్నారు. పైకప్పు మీదికి ఎక్కేనాటికి ఆయన చేతుల్లో సత్తువ లేదు, అదీ నా మూలానే."

ఆ వీధిలో అలాంటి మాట అంతవరకు ఎవరూ పదిమందిలో అనలేదు. ఒక్క క్షణం గిన్నెలన్నీ ఆగాయి. తర్వాత తొగాషి దగ్గాడు. మొరియో మరదలు చేమదుంపలు ఈసారి బాగా ఉడికాయంది. ఎవరో వానల గురించి ఎత్తుకున్నారు. పది మందీ కలిసి, ఎంతో ప్రేమగా, ఆ మాటను విననట్టు చేసేశారు. ఫుమియె తల వంచుకుని తన గిన్నెలోని అన్నం ఆఖరి మెతుకు దాకా తిన్నది. మొరియో ఒక్కడే బల్ల కింద భార్య మోకాలి మీద చెయ్యి వేశాడు.

అందరూ వెళ్ళాక ఫుమియె ఆఖరున గుమ్మంలో నిలబడింది. కియోనో ఎదురుచూసింది. తిట్టాలని కోరుకుంది. చెంప మీద కొట్టినా బాగుండుననుకుంది. ఫుమియె నడుం పూర్తిగా వంచి దణ్ణం పెట్టింది.

"ఇన్నేళ్ళూ నాన్న మిమ్మల్ని చాలా ఇబ్బంది పెట్టాడు," అంది.

తండ్రి ఆ గుమ్మంలోనే అన్న మాటే. అది క్షమించడమో, తలుపు మూసెయ్యడమో ఆ వంగిన వీపును చూసి ఎవరూ చెప్పలేరు. కియోనోకి జవాబుగా అనవలసిన మాట తెలుసు, చిన్నప్పటినుంచి అలవాటైనదే. అది ఈసారి నోట్లోంచి రాలేదు. ఫుమియె నడుం ఎత్తి, గొడుగు తీసుకుని, వెళ్ళిపోయింది.

కియోనో నీలం పళ్ళెం కడిగి, తుడిచి, చేతిలో పట్టుకునే పెరట్లోకి వెళ్ళింది. అంటుకట్టిన మూడు కొమ్మల్లో రెండు ఎండి నల్లబడ్డాయి. మూడోది మాత్రం అతుక్కుని బతికింది, చిటికెన వేలంత కొమ్మ, దానికి నాలుగు ఆకులు. మూడేళ్ళకు పూస్తుంది. అప్పుడు చెట్టు మళ్ళీ కాస్తుంది, పళ్ళెం నిండుతుంది, కానీ ఇది నీదే అని చెప్పి పెట్టడానికి చిహో అన్న పేరు ఇంట్లో ఉండదు. యసోజికి మాత్రం ఇది మొదటి ఏడు, ఇంకా ముప్పై రెండేళ్ళ లెక్క మిగిలి ఉంది. ఆయన పేరుచెక్క సెందాయ్‌లో ఉంది. అక్కడికి పళ్ళెం పట్టుకుని వెళితే తలుపు తీస్తారో లేదో ఆమెకు తెలియదు.

గోడ దగ్గరికి వెళ్ళి అవతలికి చూసింది. మొద్దు కోసిన చోట రంపం గీతలు ఇంకా తెల్లగా ఉన్నాయి, లోపలికి పోయేకొద్దీ వంకరలు పోయాయి. ముసలాయనకు ఎక్కడెక్కడ చెయ్యి అలిసిందో లెక్కపెట్టుకోవచ్చు. వాన మొదలైంది. కియోనో లోపలికి వెళ్ళలేదు, పళ్ళెం గోడ మీద పెట్టి ఆ గీతలు లెక్కపెట్టసాగింది.